లోహాన్ని శుభ్రం చేయడానికి ఏ ఆమ్లం: హైడ్రోక్లోరిక్, సల్ఫ్యూరిక్, నైట్రిక్, హైడ్రోఫ్లోరిక్‌ల మధ్య ఎంపిక

ఫ్యాబ్రికేషన్ షాపులోనో, ప్లేటింగు యూనిట్‌లోనో, బాయిలర్ ఉన్న ఫ్యాక్టరీలోనో తుప్పు వదిలించడానికి ఆమ్లం కొనవలసి వచ్చినప్పుడు సాధారణంగా రెండే ప్రశ్నలు అడుగుతారు. ఏది త్వరగా పనిచేస్తుంది? ఏది చవకగా దొరుకుతుంది? వీటితో సమానంగా అడగవలసిన మూడో ప్రశ్న ఒకటుందని నా నిశ్చితాభిప్రాయం. ఆ ఆమ్లం మనిషి మీద పడితే ఏమవుతుంది, ఆ గాయానికి కావలసిన మందు మన దగ్గరా, మనం పరుగెత్తగల ఆసుపత్రిలోనూ ఉందా? ఈ ప్రశ్న వేసుకున్నవారికి హైడ్రోక్లోరిక్, సల్ఫ్యూరిక్, నైట్రిక్ ఆమ్లాలు ఒక వరుసలోనూ, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పూర్తిగా వేరే వరుసలోనూ కనబడతాయి. కింది పోలిక ఆ దృష్టితో రాసినది.

మైల్డ్ స్టీలు: హైడ్రోక్లోరిక్కా, సల్ఫ్యూరిక్కా

మైల్డ్ స్టీలు అంటే కార్బన్ తక్కువగా ఉండే మామూలు ఉక్కు. వేడి మీద రోలింగ్ చేసిన ఇనుప రేకు, పట్టీ, పైపుల మీద నల్లగా అంటుకుని ఉండే స్కేలు నిజానికి మూడు రకాల ఇనుప ఆక్సైడుల పొర. రంగు వేయాలన్నా, గాల్వనైజింగ్ చేయాలన్నా అది పోవాలి. ఈ పనికి పోటీపడేవి రెండే ఆమ్లాలు.

హైడ్రోక్లోరిక్ ఆమ్లం బజారులో 30 నుంచి 33 శాతం గాఢతలో దొరుకుతుంది. దానిని 10 నుంచి 15 శాతానికి పలుచన చేసి, మామూలు గది వేడిలోనే వాడవచ్చు. ఇది స్కేలునే నేరుగా కరిగిస్తుంది, అడుగున ఉన్న ఇనుమును తక్కువగా తింటుంది. అందుకే ఉపరితలం తెల్లగా, నున్నగా వస్తుంది. లెక్క కూడా తేలిక. 10 కిలోల 33 శాతం ఆమ్లాన్ని 17.5 కిలోల నీటిలో కలిపితే 12 శాతం ద్రావణం తయారవుతుంది. తొట్టిని వేడి చేయవలసిన అవసరం లేకపోవడం చిన్న షాపులకు పెద్ద లాభం.

దీని అసలు లోపం ఆవిరి. క్యాను మూత తీయగానే తెల్లటి పొగ లేస్తుంది. ఆ పొగ గొంతును, కళ్ళను మండించడమే కాక షెడ్డులో ఉన్న ప్రతి లోహ వస్తువు మీదా తుప్పు లేపుతుంది. గాలిలో 50 పీపీఎం (పది లక్షల భాగాల్లో 50 భాగాలు) ఉంటే ప్రాణానికి తక్షణ ప్రమాదమని అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియాష్ నిర్ణయించింది. స్టెయిన్‌లెస్ స్టీలు రేకులు పేర్చిన గోడ పక్కనే ఈ క్యాన్లు నిల్వ పెట్టే అలవాటు చాలాచోట్ల కనిపిస్తుంది. కొన్నాళ్ళకు ఆ రేకుల మీద ఎర్రటి చుక్కలు తేలితే, రేకు నాణ్యతను అనుమానించే ముందు పక్కనున్న క్యాన్ల సంగతి చూడాలి.

సల్ఫ్యూరిక్ ఆమ్లం స్వభావం వేరు. 98 శాతం గాఢతలో వస్తుంది, లీటరు బరువు 1.84 కిలోలు, గది వేడిలో దాదాపు ఆవిరి ఇవ్వదు. కిలోకు కిలో లెక్క వేస్తే 98 శాతం సల్ఫ్యూరిక్‌లో ఉన్న ఆమ్లశక్తి 33 శాతం హైడ్రోక్లోరిక్‌లో ఉన్నదానికి రెండింతలకు పైనే, కాబట్టి రవాణా ఖర్చు, నిల్వ చోటు రెండూ కలిసివస్తాయి. కానీ పికిలింగ్‌కు, అంటే ఆమ్లంలో ముంచి స్కేలు వదిలించడానికి, ఇది 60 నుంచి 80 డిగ్రీల సెల్సియస్ వేడి కోరుతుంది. పైగా స్కేలును కరిగించడం కంటే దాని పగుళ్ళలో నుంచి లోపలికి దిగి, ఇనుముతో చర్య జరిపి, అక్కడ పుట్టిన హైడ్రోజన్ ఒత్తిడితో స్కేలును పెచ్చులుగా ఊడగొట్టడమే దీని పద్ధతి. అందువల్ల తొట్టిలో సరుకు ఎక్కువసేపు ఉంటే ఇనుము గుంటలు పడుతుంది. తొట్టిని వేడి చేసే ఆవిరి లైను, పొగను లాగే ఫ్యాను, ఉష్ణోగ్రత చూసే మనిషి ఉన్న పెద్ద యూనిట్‌కు సల్ఫ్యూరిక్ లాభసాటి. అవేవీ లేని చిన్న షాపు దానిని ఎంచుకోకపోవడమే మంచిది. పలుచని హైడ్రోక్లోరిక్, ఇన్‌హిబిటర్ (ఆమ్లం ఇనుమును తినకుండా అడ్డుకునే మందు), మంచి గాలి ప్రసారం దానికి సరైన దారి.

రెండింటిలో ఏది వాడినా హైడ్రోజన్ వెలువడుతుంది. తొట్టి దగ్గర వెల్డింగు, గ్రైండింగు, బీడీ ఏవీ పనికిరావు. గట్టి స్టీలుతో చేసిన బోల్టులు, స్ప్రింగులు ఈ హైడ్రోజన్‌ను పీల్చుకుని పెళుసుబారి, బిగించిన కొన్ని గంటలకో రోజులకో హఠాత్తుగా విరుగుతాయి కాబట్టి అలాంటి సరుకును ఆమ్లంలో ముంచకుండా షాట్ బ్లాస్టింగ్‌తో, అంటే చిన్న లోహపు గుళ్ళను వేగంగా కొట్టించి, శుభ్రం చేయించడం మేలు.

పని చిన్నది, తుప్పు పలుచనిది, తర్వాత పెయింటే వేయాలి అనుకుంటే ఫాస్ఫారిక్ ఆమ్లం చాలు. నెమ్మదిగా పనిచేస్తుంది, ఖరీదు ఎక్కువ, కానీ పొగ రాదు, మిగిలిన ఇనుము మీద ఫాస్ఫేటు పొర ఏర్పడి పెయింటు పట్టు పెరుగుతుంది.

స్టెయిన్‌లెస్ స్టీలు: హైడ్రోఫ్లోరిక్ ఎక్కడ వస్తుంది

మందుల ఫ్యాక్టరీలకు రియాక్టర్లు, ట్యాంకులు చేసే ఫ్యాబ్రికేటర్లు హైదరాబాదు చుట్టుపక్కల పారిశ్రామికవాడల్లో చాలామందే ఉన్నారు. వారికి ఎదురయ్యే సమస్య మైల్డ్ స్టీలు సమస్య కాదు. వెల్డింగు అతుకు పక్కన నీలం, ఊదా, గోధుమ రంగుల్లో ఒక చార ఏర్పడుతుంది. చూడడానికి అది పలుచని మరకే అయినా, ఆ పొర కింద సన్నని మందంలో క్రోమియం తగ్గిపోయి ఉంటుంది. స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పు పట్టకపోవడానికి కారణమే క్రోమియం కాబట్టి, ఆ చార వదలకుండా ట్యాంకు వాడకంలోకి వెళితే మొదట తుప్పు పట్టేది అక్కడే.

ఇక్కడ హైడ్రోక్లోరిక్ పూర్తిగా నిషిద్ధం. దానిలోని క్లోరైడు స్టెయిన్‌లెస్ స్టీలును సూదిమొనంత గుంటలుగా తొలిచేస్తుంది. నైట్రిక్ ఆమ్లం ఒక్కటే అయితే స్టీలు మీది ఇనుప రేణువులను కడిగి, రక్షణ పొరను బలపరచగలదు, దీనినే ప్యాసివేషన్ అంటారు. కానీ వెల్డింగు చారను, దాని కింది క్రోమియం లేని పొరను తీయలేదు. అందుకే నైట్రిక్ 15 నుంచి 25 శాతం, హైడ్రోఫ్లోరిక్ 1 నుంచి 8 శాతం కలిపిన మిశ్రమాన్ని పికిలింగ్‌కు వాడతారు. వెల్డింగు అతుకుల మీద బ్రష్‌తో రాసే పికిలింగ్ పేస్టులో ఉండేవీ సాధారణంగా ఈ రెండే. పేస్టు అన్న పేరు విని దానిని గ్రీజులా చూసేవారుంటారు. ఆ డబ్బా మీద హైడ్రోఫ్లోరిక్ అని రాసి ఉంటే కింద చెప్పబోయే జాగ్రత్తలన్నీ దానికీ వర్తిస్తాయి.

హైడ్రోఫ్లోరిక్ లేకుండా ఈ పని సాధ్యమా అంటే చాలా సందర్భాల్లో సాధ్యమే. మొదటి దారి, వెల్డింగు చేసేటప్పుడే వెనకవైపున ఆర్గాన్ అనే జడవాయువు పంపి రంగు ఏర్పడకుండా చూడడం. రెండోది, ఫాస్ఫారిక్ ఆధారిత ద్రావణంతో, కరెంటు సాయంతో అతుకును శుభ్రపరిచే చేతి యంత్రాలు. మూడోది, సన్నని రాపిడితో చారను తీసి, తర్వాత సిట్రిక్ ఆమ్లంతో ప్యాసివేషన్ చేయడం. సిట్రిక్‌తో ప్యాసివేషన్‌ను, పదార్థాలకు ప్రమాణాలు రూపొందించే ఏఎస్‌టీఎం సంస్థ వారి ఏ967 ప్రమాణం నైట్రిక్‌తో పాటుగా అంగీకరిస్తుంది, కాబట్టి కొనుగోలుదారు ఒప్పుకోరేమో అన్న భయం అక్కర్లేదు. ముందుగా డ్రాయింగులో ఏ పద్ధతి అడిగారో చూసుకుంటే చాలు. నెలకు నాలుగు ట్యాంకులు చేసే షాపు ఈ మూడింటిలో ఒకటి ఎంచుకోవాలనీ, సొంత తొట్టి నింపి హైడ్రోఫ్లోరిక్ పెట్టుకోకూడదనీ గట్టిగా చెబుతాను. కొనుగోలుదారు తప్పక పికిలింగే కావాలంటే, అనుమతులు, శుద్ధి వ్యవస్థ ఉన్న యూనిట్‌కు పంపి చేయించడం ఉత్తమం.

హైడ్రోఫ్లోరిక్‌ను మిగతావాటితో ఎందుకు పోల్చకూడదు

ఫ్లోర్‌స్పార్ అనే ఖనిజాన్ని సల్ఫ్యూరిక్ ఆమ్లంతో వేడి చేసి హైడ్రోఫ్లోరిక్‌ను తయారు చేస్తారు. శీతలీకరణ వాయువులు, అల్యూమినియం పరిశ్రమకు కావలసిన అల్యూమినియం ఫ్లోరైడు, పెట్రోలు శుద్ధి, అర్ధవాహక చిప్పులు, గాజు మీద చెక్కుడు, ఇలా దీని ఉపయోగాలు విస్తారం. గాజును కూడా తినేస్తుంది కనుక గాజు సీసాల్లో కాక పాలిథీన్ క్యాన్లలో ఉంచాలి.

రసాయన శాస్త్రం లెక్కలో ఇది బలహీన ఆమ్లం. అదే దాని మోసం. బలమైన ఆమ్లాలు తాకగానే మండి, చేతిని వెనక్కి లాక్కునేలా చేస్తాయి. హైడ్రోఫ్లోరిక్ అణువులు విడిపోకుండా చర్మంలోకి చొచ్చుకుపోయి, లోపలి కణజాలంలో ఫ్లోరైడును వదులుతాయి; అది రక్తంలోని కాల్షియాన్ని, మెగ్నీషియాన్ని పట్టి బంధిస్తుంది. కాల్షియం పడిపోతే గుండె లయ తప్పుతుంది. 20 శాతం లోపు ద్రావణం తగిలితే నొప్పి తెలియడానికి 24 గంటల దాకా పట్టవచ్చు. 20 నుంచి 50 శాతం మధ్య అయితే 1 నుంచి 8 గంటలు. పగలు పేస్టు రాసిన మనిషి గ్లోవ్‌లో సూది బెజ్జం ఉందని గమనించక, చేయి కడుక్కుని, ఇంటికి వెళ్ళి అన్నం తిని పడుకున్న తర్వాత గోరు కింద సలుపు మొదలవుతుంది. పైన చర్మం కొద్దిగా ఎర్రబడి ఉంటుంది, అంతే. అది చూసి తెల్లవారాక చూద్దామనుకోవడమే ఈ ఆమ్లం విషయంలో జరిగే అత్యంత ప్రమాదకరమైన ఆలస్యం. గాఢమైన ఆమ్లం శరీరంలో రెండు అరచేతులంత మేర పడినా ప్రాణాపాయం ఉంటుంది.

వాయువుగా మారితే ఇంకా భయంకరం. నీరు లేని హైడ్రోజన్ ఫ్లోరైడు 19.5 డిగ్రీలకే మరుగుతుంది, అంటే మన ఎండాకాలంలోనే కాదు, చలికాలపు మధ్యాహ్నం కూడా అది వాయువే. 2012 సెప్టెంబరు 27న దక్షిణ కొరియాలోని గుమి నగరంలో ఒక రసాయన కర్మాగారంలో ట్యాంకర్ నుంచి దింపుతుండగా ఇది లీకై 5 మంది చనిపోయారు. చుట్టుపక్కల పంటలు మాడిపోయాయి, వేలమంది చికిత్స కోసం ఆసుపత్రులకు వెళ్ళవలసి వచ్చింది.

దీనికి విరుగుడు ఉంది, కానీ సమయానికి చేతిలో ఉండాలి. 2.5 శాతం కాల్షియం గ్లూకోనేట్ జెల్ ట్యూబులు, గడువు తేదీ చూసి, పనిచేసే చోటే గోడకు వేలాడదీసిన పెట్టెలో ఉండాలి. మేనేజరు గది బీరువాలో తాళం వేసి ఉన్న జెల్ లేనట్టే లెక్క. ఆమ్లం తగిలిన వెంటనే బట్టలు విప్పి, ధారగా పారే నీటితో 5 నిమిషాలు కడిగి, జెల్‌ను గ్లోవ్ వేసుకున్న చేత్తో ఆపకుండా రుద్దుతూ ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. జెల్ దొరకకపోతే నీటి ధారను ఆపకూడదు. వేళ్ళకు తగిలితే ఒక గ్లోవ్‌లో జెల్ నింపి చేతికి తొడగవచ్చు. నొప్పి తగ్గడమే మందు పనిచేస్తున్నదనడానికి గుర్తు. కంట్లో పడితే నీటితో కడగడం తప్ప జెల్ వాడకూడదు. ఆమ్లం లోడు రాకముందే దగ్గరి ఆసుపత్రికి స్వయంగా వెళ్ళి, హైడ్రోఫ్లోరిక్ గాయానికి ఇంజెక్షన్ రూపంలో కాల్షియం గ్లూకోనేట్ ఉందా, గుండె లయను గమనించే ఏర్పాటు ఉందా అని అడిగి తెలుసుకోవాలి. అక్కడ లేదన్న జవాబు వస్తే, ఆ షాపు ఈ ఆమ్లం కొనకూడదు.

ఇక్కడే ఒక హెచ్చరిక. కొన్ని క్లీనర్ల లేబుల్ మీద హైడ్రోఫ్లోరిక్ పేరు ఉండదు, అమోనియం బైఫ్లోరైడు అని ఉంటుంది. నీటిలోనూ, ఆమ్లంలోనూ కరిగితే అది ఇచ్చేది హైడ్రోఫ్లోరిక్కే. ట్రక్కు చక్రాలకు, ఏసీ కాయిల్స్‌కు వాడే కొన్ని ద్రవాల్లో ఇది ఉంటుంది కాబట్టి లేబుల్, భద్రతా పత్రం చదివాకే కొనాలి.

బాయిలర్, హీట్ ఎక్స్‌ఛేంజర్ సున్నపు పేట్లు

బాయిలర్, హీట్ ఎక్స్‌ఛేంజర్ (ఒక ద్రవం వేడిని మరోదానికి అందించే పరికరం) ట్యూబుల్లో పేరుకున్నది సున్నపు కార్బొనేటు అయితే ఎంపిక కష్టం కాదు. సల్ఫామిక్ ఆమ్లం తెల్లటి పొడిగా వస్తుంది, పొగ రాదు, క్లోరైడు లేదు, సంచిలో పెట్టి మోసుకుపోవచ్చు. కిలో సల్ఫామిక్ దాదాపు అర కిలో కార్బొనేటును కరిగిస్తుంది; కిలో 33 శాతం హైడ్రోక్లోరిక్ కరిగించేది సుమారు 450 గ్రాములు. అంటే శక్తిలో తేడా పెద్దగా లేదు, ధరలోనే తేడా. ఆ ధర తేడా సురక్షితంగా పనిచేయడానికి చెల్లించదగినదే. ఒక్క షరతు, ద్రావణం వేడి 60 డిగ్రీలు దాటకూడదు. దాటితే అది విడిపోయి సల్ఫేటు ఏర్పడి, కరగని జిప్సం అయి ట్యూబుల్లోనే మిగిలిపోతుంది. స్టెయిన్‌లెస్ ట్యూబులుంటే సల్ఫామిక్ లేదా సిట్రిక్ తప్ప హైడ్రోక్లోరిక్ ఆలోచనే వద్దు. సల్ఫ్యూరిక్‌ను సున్నపు పేట్ల మీద వాడితే జిప్సం ఏర్పడి పని చెడిపోతుంది. సిలికా (ఇసుకలో ఉండే పదార్థం) పేట్లకు మాత్రం ఫ్లోరైడు కావాలి. ఆ పనిని సొంత మనుషులతో కాక అనుభవమున్న కెమికల్ క్లీనింగ్ కాంట్రాక్టరుకు అప్పగించాలి.

ఏది ఎంచుకున్నా తప్పనివి

పలుచన చేసేటప్పుడు నీటిలోకి ఆమ్లం పోయాలి, ఆమ్లంలోకి నీరు కాదు. గాఢ సల్ఫ్యూరిక్ మీద నీరు పడితే పుట్టే వేడికి ఆ నీరు పైనే మరిగి, ఆమ్లాన్ని ముఖం మీదికి చిమ్ముతుంది. గాఢ సల్ఫ్యూరిక్‌ను మైల్డ్ స్టీలు ట్యాంకులో ఉంచవచ్చు, ఎందుకంటే ఐరన్ సల్ఫేటు పొర గోడను కాపాడుతుంది. కానీ తేమ చేరి పలుచబడితే అదే ఆమ్లం ట్యాంకును తింటూ లోపల హైడ్రోజన్ నింపుతుంది. ఖాళీ అయిన అలాంటి డ్రమ్మును కడగకుండా గ్యాస్ కట్టింగు చేయడం పేలుడును పిలవడమే. హైడ్రోక్లోరిక్‌కు ప్లాస్టిక్, ఎఫ్‌ఆర్‌పీ (గాజు నార కలిపిన ప్లాస్టిక్), రబ్బరు పూత ఉన్న ట్యాంకులే వాడాలి.

నైట్రిక్ ఒలికితే రంపపు పొట్టు, గుడ్డ పీలికలు చల్లకూడదు, అంటుకోవచ్చు. దాని గోధుమరంగు పొగ పీల్చినవారు అప్పటికి బాగానే ఉన్నా కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరే ప్రమాదం ఉంది కాబట్టి ఆ రోజంతా వైద్య పర్యవేక్షణ అవసరం. హైడ్రోఫ్లోరిక్ ఒలికితే ఇసుక కూడా చల్లకూడదు, ఇసుకలోని సిలికాతో విషవాయువు పుడుతుంది, సున్నమే వాడాలి. ఏ ఆమ్లమైనా బ్లీచింగ్ పౌడరు పక్కన ఉంచకూడదు, కలిస్తే క్లోరిన్ వెలువడుతుంది.

ముఖానికి ఫేస్ షీల్డు, దాని కింద కళ్ళను పూర్తిగా మూసే గాగుల్స్, ఆమ్లాన్ని తట్టుకునే ఏప్రన్, పొడవాటి గ్లోవ్స్, బూట్ల మీదుగా వేలాడే ప్యాంటు, ఇవి కనీసం. హైడ్రోఫ్లోరిక్‌కు సన్నని లేటెక్స్, నైట్రైల్ గ్లోవ్స్ చాలవు, మందమైన నియోప్రీన్ లేదా బ్యూటైల్ కావాలి. కళ్ళు కడిగే ఫౌంటెన్ 10 సెకన్లలో చేరగల దూరంలో ఉండాలి, కళ్ళను కనీసం 15 నిమిషాలు కడగాలి. చర్మం మీది ఆమ్లానికి సోడా పూసి విరిచే ప్రయత్నం చేయకూడదు. ఆ చర్యలో పుట్టే వేడి గాయాన్ని పెంచుతుంది.

కొనుగోలు విషయంలో 2013లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల ప్రకారం చిల్లరగా ఆమ్లం అమ్మేవారు రిజిస్టరులో కొన్నవారి వివరాలు, అవసరం రాసుకోవాలి, ఫొటో గుర్తింపు కార్డు చూడాలి, 18 ఏళ్ళలోపువారికి అమ్మకూడదు. పేరు లేని క్యానులో, బిల్లు లేకుండా ఇచ్చే అంగడి దగ్గర ధర ఎంత తక్కువైనా కొనకూడదు, దానిలో ఏ గాఢత ఉందో ఎవరికీ తెలియదు.

వాడేసిన ఆమ్లం ఖర్చు కూడా పోలికలో చేర్చాలి, చాలామంది దీనిని మరచిపోతారు. సున్నంతో విరిస్తే సల్ఫ్యూరిక్ నుంచి జిప్సం బురద బస్తాల కొద్దీ వస్తుంది. హైడ్రోక్లోరిక్ నుంచి వచ్చే కాల్షియం క్లోరైడు నీటిలోనే కరిగి ఉండి ఉప్పదనం పెంచుతుంది. హైడ్రోఫ్లోరిక్ నుంచి కాల్షియం ఫ్లోరైడు అడుగున దిగుతుంది, అయినా పై తేట నీటిలో కొంత ఫ్లోరైడు మిగులుతుంది. తాగునీటిలో ఫ్లోరైడుకు భారతీయ ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీరు లేనప్పుడు 1.5. నేల నీటిలోని ఫ్లోరైడుతో తరాలుగా ఎముకలు వంగిపోయిన నల్లగొండ పల్లెలున్న రాష్ట్రంలో, పికిలింగ్ తొట్టి నీటిని కాలువలోకి వదలడం ఎంత అన్యాయమో వేరే చెప్పనక్కర్లేదు. వాడేసిన ఆమ్లాలు 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వస్తాయి. కాలుష్య నియంత్రణ మండలి అధికారమిచ్చిన సంస్థకే, రవాణా పత్రంతో అప్పగించాలి. ఆ సంస్థ కిలోకు ఎంత తీసుకుంటుందో ఆమ్లం ఆర్డరు పెట్టకముందే అడిగి, ధరకు కలిపి లెక్క వేసుకోవాలి.